నీటికంటె పల్లమైన దేశము

నందికొండవద్ద కృష్ణానదికి అడ్డముగా లేచిన రాతికట్టను మీలో పలువురు చూచియే యుందురు. 1955లో శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడువబడినది. ఆ నీరు నిలుచుటకై లోయలోని పల్లెలు తమ నేలను వదలుకొనినవి. నేను నేడు చెప్పబోవు దేశమున కథ తలక్రిందు. అచ్చట నీటిని వెడలగొట్టి నేలను సంపాదించిరి.

అది ఐరోపా ఖండమున ఉత్తర సముద్రపుటొడ్డున నున్న నెదర్లాండ్సు. హాలండని మనవారందురు గాని హాలండు అందలి యొక భాగము మాత్రమే. దేశమంతయు తెలంగాణములో మూడవవంతుకంటె కొంచెము పెద్దది. జనులు సుమారు కోటి యెనుబదిలక్షలు. నేలలో నాలుగవవంతు సముద్రమట్టమునకు దిగువనున్నది.

చెరువుకట్ట నీటిని లోపల నిలుపును. డచ్చివారి కట్ట నీటిని వెలుపల నిలుపును. మడుగుచుట్టును కట్టవేసి, లోని నీటిని గాలిమరలతో తోడి, అడుగునేలను దున్నుకొనిరి. బేమ్‌స్టర్ అను పెద్ద సరస్సు 1612లో ఇట్లే పొలమైనది. ఇప్పుడు గాలిమరల పనిని యంత్రములు చేయుచున్నవి.

పూర్వము కట్టలో ఇంత భాగమని యొక్కొక్క రైతునకు పాలుండెడిది. తన పాలు బాగుచేయ శక్తి చాలనివాడు కట్టమీద పార గ్రుచ్చి, భూమిని విడిచి వెడలిపోవలెను. ఆ పారను పెరికినవానికి ఆ భూమియు, కట్టభారమును సంక్రమించెడివి. కఠినమైన ధర్మమే. కాని ఒకని పాలు తెగినచో ఊరెల్ల మునుగును గదా! కట్టలను చూచు నీటిసభలు పదుమూడవ శతాబ్దమునుండియు నున్నవి. వానికి వేరుగ ఎన్నికలు, వేరుగ పన్ను.

ఈ జనులు 1568లో స్పెయిను రాజుపై తిరుగబడి, 1648లో స్వాతంత్ర్యమును ఒప్పించుకొనిరి. ఆ పోరు సాగుచుండగనే 1605లో వారి యోడలు మచిలీపట్టణము చేరినవి. మన సాలెల బట్టలు కొని, తూర్పుదీవులలో సుగంధద్రవ్యములకు మార్చుకొనిరి. స్వేచ్ఛకై పోరాడిన యా జాతి వర్తకులే ఈ తీరమునుండి మనుష్యులను బానిసలుగ ఓడలెక్కించిరన్న మాటయు దాచదగదు. వారి గోరీలు భీమునిపట్టణమున నేటికిని గలవు.

1953 జనవరి 31వ తేదీ రాత్రి తెల్లవారి ఫిబ్రవరి 1 అగునప్పటికి తుపానుకు కట్టలు తెగి, ఆ దేశమున 1,836 మంది మరణించిరి. పిమ్మట నదీముఖములకు అడ్డకట్టలును, తలుపులును నిర్మించు పని 1997వరకు సాగినది.

ఆ 1997లోనే మన రాష్ట్రమున నీటి వినియోగదారుల సంఘముల చట్టము వచ్చినది. ఆ సంఘపుటెన్నికలో నేనును ఓటు వేసితిని. మా సభలో తగవెల్ల చివరి తూమునకు నీరెప్పుడని. వారి సభలో తగవు వేరు: పాడిరైతులు నీటిమట్టమును దింపుమందురు, దింపిన నేల క్రుంగి గోడలు బీటలువారునని యిండ్లవారు వలదందురు.