రాయలేను, రాయను, నాకు వద్దు: పాత్రలు పంచుకొని రాసేటప్పటి హద్దులు

పాత్రలు పంచుకొని కథ రాయడం మన విద్యార్థులకు ఇష్టమైన అభ్యాసం. ఒకే నోటుపుస్తకం నలుగురి చేతులు మారుతుంది. ఒకరు తండ్రి, ఒకరు కూతురు, ఒకరు మేనమామ, ఒకరు పొరుగింటావిడ. ఎవరి వంతుకు వారు తమ పాత్ర మాటలూ చేతలూ మాత్రమే రాస్తారు. కథ ఎటు పోతుందో ముందుగా ఎవరికీ తెలియదు. తెలుగు బడిలో చదవని వారికి సంభాషణ రాయడం అలవడటానికి ఇంతకంటె మంచి దారి నాకు కనబడలేదు. అయితే ఇది జంటకవిత్వం వంటిది కాదు. తిరుపతి వేంకట కవులు ఇద్దరై ఒక్క గొంతుతో చెప్పారు. ఇక్కడ ఎవరి గొంతు వారిది. పక్కవాడు రాసినది వచ్చి నా పాత్ర మీద పడుతుంది. చిక్కంతా అక్కడే.

కొన్నేళ్ళ కిందట నా తరగతిలో కూతురి పాత్ర తీసుకున్న అమ్మాయి మూడు వంతులు చక్కగా రాసింది. నాలుగో వంతు వచ్చేసరికి కథలోని తండ్రి కూతుర్ని గదిలో పెట్టి గొళ్ళెం వేశాడు. మేనమామతో పెళ్ళి నిశ్చయమైంది. ‘నేనిక రాయలేను’ అందా అమ్మాయి. జట్టువాళ్ళు మంచివాళ్ళే. ‘రాయగలవు, మేం సాయం చేస్తాం’ అన్నారు. ఒకరు సామెతలు కూడా ఏరి ఇచ్చారు. వారం గడిచాక ‘రాయను’ అంది. అలిగిందనుకున్నారు. నేను కూడా ‘ముందు ఒప్పుకున్నావు కదమ్మా’ అన్నాను. అనవలసిన మాట కాదది. ఆ ఏడాది ఆమె మళ్ళీ ఏ జట్టులోనూ చేరలేదు.

ఆ మూడు మాటల తీరు తరువాత ఆలోచించాను. ‘రాయలేను’ అన్నది శక్తికి సంబంధించిన మాట. మర్యాద కోసం మనం అయిష్టాన్ని అశక్తతగా చెబుతాం. వినేవారు దాన్ని నిజమైన అశక్తతగానే తీసుకొని సాయానికి వస్తారు. ‘రాయను’ రెండు విధాల పనిచేస్తుంది. ‘నేను పద్యాలు రాయను’ అంటే ఎవరూ నొచ్చుకోరు. తన వంతు కోసం నలుగురు ఎదురుచూస్తున్నప్పుడు అదే మాట మొండితనంగా వినిపిస్తుంది. ఈ రెంటికీ నడుమ ‘నాకు ఈ సన్నివేశం వద్దు’ అని ఉంది. ‘రాయవద్దు’ అంటే ఎదుటివారికి నిషేధం. ‘నాకు వద్దు’ అంటే నా ఇష్టాన్ని చెప్పడం, అంతే. కన్నడంలో ‘బేడ’, తమిళంలో ‘వేండాం’, మరాఠీలో ‘నకో’ కూడా ఇలాగే రెండు పనులూ చేస్తాయి గనుక బెంగళూరు, చెన్నై, షోలాపూరు విద్యార్థులకు ఇది కొత్తగా నేర్పనక్కరలేదు. ఇంట్లో కూర వడ్డించేటప్పుడు రోజూ వాడే మాటే. కథ దగ్గర ఎందుకో నోరు పెగలదు.

‘మనం అనుకున్నాం కదా’ అన్న మాటను కూడా కొంచెం జాగ్రత్తగా వినాలి. ‘మనం’ వినేవారిని కలుపుకొంటుంది, ‘మేము’ కలుపుకోదు. నేటి కన్నడంలో ‘నావు’ ఒక్కటే రెంటికీ చాలుతుంది; తెలుగులో, తమిళంలో తేడా నిలిచే ఉంది. ఒకరు తప్పుకుంటానన్న తరువాత మిగిలినవారు ‘మనం’ అంటూ పోతే, ఆమె సమ్మతిని ఆమెను అడగకుండానే వాక్యంలో చేర్చేసినట్లే.

ఆమె ఒప్పుకున్నది కూతురి పాత్ర రాయడానికి. ఆ పాత్రకు ఎవరేమి చేసినా భరించడానికి కాదు. మొదట్లో తెలియని హద్దు అక్కడికి చేరాక తెలియడం సహజం. అవధానంలో నిషిద్ధాక్షరి చూడండి. పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ ‘ఇది వద్దు’ అంటూనే ఉంటాడు, అవధాని మరో అక్షరం వేస్తాడు, పద్యం పూర్తవుతుంది. అక్కడ నిషేధం పరీక్ష కోసం, ఇక్కడ మనిషి కోసం. కానీ మధ్యలో వచ్చిన ‘వద్దు’ వల్ల రచన ఆగిపోదని తెలుస్తుంది కదా. చిన్నపిల్లలు మనకంటె నయం. ‘నేను రాజునంట, నువ్వు దొంగవంట’ అని ఆట మొదలుపెడతారు. నచ్చకపోతే ‘తూచ్’ అంటారు, అంతటితో ముందన్నది చెల్లదు. ఎందుకని ఎవరూ సంజాయిషీ అడగరు.

కథను సర్దడానికి దారులున్నాయి. చంపడం, యుద్ధం వంటివి రంగం మీద చూపక విష్కంభంలో చెప్పించడం సంస్కృత నాటక సంప్రదాయం. అలాగే ఆ గది తలుపు కథలో తెరవకుండా, మరునాటి ఉదయంతో మొదలుపెట్టవచ్చు. పాత్రను మరొకరికి ఇవ్వవచ్చు, పిన్ని ఊరికి పంపవచ్చు. రాసిన రెండు పేజీలు కొట్టివేయవచ్చు కూడా. విద్యార్థులు అన్నిటికంటె దీనికే బాధపడతారు, తమ వాక్యాల మీద మమకారంతో. ఏ దారి అన్నది తప్పుకున్నవారిని అడిగి తేల్చుకోవాలి, వారి కారణాన్ని మాత్రం అడగకూడదు.

ఇప్పుడు నా తరగతిలో నోటుపుస్తకం మొదటి పేజీ కథకు వాడరు. అక్కడ ఎవరికి ఏది వద్దో పేరు లేకుండా రాసుకుంటారు. మధ్యలో ఎప్పుడైనా ఇంకో పంక్తి చేర్చవచ్చు. ఈమధ్య ఒక జట్టు పేజీలో మొదట ‘కుక్క చావకూడదు’ అని ఒక్కటే ఉంది. కథ సగమయ్యాక దాని కింద వేరే సిరాతో ‘తాతగారు కూడా’ అని చేరింది. అప్పటికే తాతగారిని ఆసుపత్రిలో చేర్పించి ఉన్నారు. మరుసటి వంతులో ఆయన ఇంటికి వచ్చి, కాఫీలో పంచదార తక్కువైందని కోడలితో పోట్లాట పెట్టుకున్నాడు.