తలక్రిందైన యోడ: చలనచిత్ర పునర్నిర్మాణ విచారము

ఒకదాని స్థానమున వేఱొకదానిని నిలుపుట వ్యాకరణశాస్త్రమునందు ఆదేశ మనఁబడును. తొలఁగిపోవునది స్థాని, దానిచోట వచ్చునది ఆదేశము. స్థానికిఁ గల ధర్మము లాదేశమునకు సంక్రమించునా లేదా యను ప్రశ్నకుఁ బాణిని యిచ్చిన సమాధానము మిక్కిలి సూక్ష్మమైనది. స్థాని తాను జేయు పనినిబట్టి పొందిన యధికారము లాదేశమునకును గలుగును. తన వర్ణస్వరూపమునుబట్టి పొందినవి మాత్రము కలుగవు. అస ధాతువునకు భూ యాదేశమైనపు డదియు ధాతువే యగును గావున ధాతువులకు విధింపఁబడిన ప్రత్యయములు దానికిని వచ్చును. దివ్ శబ్దమునందలి వకారమునకు ఔకార మాదేశమైనపుడు మాత్ర మా ఔకారము హల్లుగాఁ బరిగణింపఁబడదు. అట్లు పరిగణించినచోఁ బైనున్న విభక్తి లోపించి ‘ద్యౌః’ అను రూపమే సిద్ధింపకపోవును.

ఈ భేదము శబ్దములకు మాత్రమే చెల్లునది కాదు. ప్రసిద్ధమైన కృతిని మరల నిర్మింపఁబూనిన ప్రతివాని కిది యెదురగును. కవిత్రయమువారి భారతము విషయమునను, శ్రీనాథుని నైషధము విషయమునను నిట్టి చర్చ చదువరులకుఁ గ్రొత్తది గాదు. చలనచిత్రములయందు సైత మిది వర్తించును. అందును బ్రళయసదృశములగు నాపదలను వర్ణించు చిత్రములయందు మఱింత స్ఫుటముగా వర్తించును. ఏలయన, పూర్వచిత్రమునందు యంత్రసామగ్రి చాలకపోయెననియు, నేఁటి కంప్యూటరు చిత్రణముతో దానినే మరల నిర్మించినచో నంతకంటె భయంకరముగా నుండుననియు నిర్మాతలకుఁ దోఁచుట సహజము. 1972 సంవత్సరమున అమెరికాలో వెలువడిన ‘ది పొసైడన్ అడ్వెంచర్’ అనునది యిట్టి స్థాని. 2006లో వెలువడిన ‘పొసైడన్’ దాని కాదేశము. (నడుమ 2005లో దూరదర్శనమునకై తీసిన రూపాంతర మొకటి కలదు. అందు ఓడ దుండగుల బాంబుచేఁ దలక్రిందగును. దానిని విచారింపఁ బనిలేదు.)

నిజమునకు 1972 నాఁటి చిత్రమును స్వతంత్రము కాదు. పాల్ గాలికో 1969లో వ్రాసిన నవల దానికి మూలము. ఇర్విన్ ఆలెన్ నిర్మాత, రోనాల్డ్ నీమ్ దర్శకుఁడు. కథ యందఱెఱిఁగినదే. కాలము చెల్లిన ప్రయాణికనౌక యొకటి న్యూయార్కునుండి ఏథెన్సునకుఁ దన కడపటి యాత్ర సాగించుచుండును. నూతనసంవత్సరము ప్రవేశించు నర్ధరాత్రమున సముద్రగర్భమందలి భూకంపముచేఁ బుట్టిన మహాతరంగము దానిని బోర్లద్రోయును. నేల కప్పగును, కప్పు నేల యగును. బ్రదుకఁగోరువారు పైకి, అనఁగా నోడయొక్క యడుగునకు, ఎక్కవలయును. స్కాట్ అను క్రైస్తవాచార్యుఁడు కొందఱను వెంటఁగొని బయలుదేఱును. కడకు వెలుపలఁ బడువా రార్వురు.

ఇచటఁ గారణమునుగూర్చి యొకమాట చెప్పవలసియున్నది. తరంగ మొక్కటియే యోడను ముంచెనని పూర్వచిత్రము చెప్పదు. కాలహరణ మగునని యోడయజమానుని ప్రతినిధి అడుగుభారము నింపుటకు సమ్మతింపక, పూర్తివేగముతో నడపుమని నాయకుని నిర్బంధించును. అడుగున బరువు చాలని యోడ సహజముగనే తూలును. కావున నందు దైవికము సగము, మానుషము సగము. క్రొత్త చిత్రమునం దీ మానుషభాగము లేదు. అల వచ్చును, ఓడ బోర్లపడును, అంతియ.

ఇఁక యంత్రసామగ్రి. 1972లో నీటిని గణించి చిత్రించు సాధనము లేదు. ‘క్వీన్ మేరీ’ యను ప్రసిద్ధనౌకయొక్క పటముల నాధారముగాఁ గొని, 48వ వంతు ప్రమాణమున, రమారమి 22 అడుగుల నమూనా యోడను నిర్మించిరి. ఇట్టి నమూనాలతోఁ గల చిక్కు కాలమునకు సంబంధించినది. చిన్నయెత్తునుండి పడువస్తువు శీఘ్రముగాఁ బడును. దూరము 48వ వంతైనపుడు కాలము దాని వర్గమూలమును, అనఁగా నించుమించు ఏడవవంతును, మాత్రమే తగ్గును. కావున సెకనునకు 24 బొమ్మలు తీయుటకు మాఱుగా 168 తీసి, వానిని మామూలు వేగముతోఁ జూపినచో నా బొమ్మయోడ నిజమైన మహానౌకవలె మందగమనముతో దొర్లును. ఇది గణితసాధ్యము. సాధ్యముగానిది నీటిబొట్టు. ఓడ నెంత కుదించినను నీటిబొట్టు కుదింపఁబడదు. తలతన్యత దాని నట్లే నిలుపును. అయిదు మిల్లీమీటర్ల చినుకు 22 అడుగుల యోడప్రక్కఁ బడినపుడు, చూపఱ కది యిరువదినాలుగు సెంటీమీటర్ల కుండయంత కనఁబడును. బొమ్మయోడల గుట్టు రట్టుచేయునది యీ చినుకే.

ఈ లోప మెఱిఁగినవారు గావున నాఁటివారు వెలుపలి తరంగమును గొలఁదిగాఁ జూపి లోపలి భోజనశాలను నమ్ముకొనిరి. ఆ శాల నొకవైపునకు యంత్రములతో వాల్చుటకు వీలగునట్లు కట్టిరి. నటులు నిజముగా జాఱిరి. బల్లలు నిజముగా దొర్లెను. నేలకు బిగింపఁబడిన బల్ల కప్పునందు వ్రేలాడుచుండఁగా దానిని బట్టుకొని వ్రేలాడు మనుష్యుఁడు చేయి విడిచి, క్రిందనున్న గాజుదీపపుఁబలకపై వెల్లకిలఁ బడు దృశ్యమును జూచినవారు మఱవరు. అట్లు పడినవాఁడు ఎర్నీ ఒర్సాటి యను నటుఁడే. ఎల్. బి. ఆబట్, ఎ. డి. ఫ్లవర్స్ అను నిరువురకు నీ చిత్రమునకై ఆస్కారు ప్రత్యేకపురస్కార మీయఁబడినది. అది యుచితమే.

అంతకంటె ముఖ్యమైనది యింకొకటి కలదు. భోజనశాలలో నలంకరించిన క్రిస్మసు వృక్షము నిచ్చెనయగును. మెట్లు తలక్రిందై యెక్కుట కడ్డమగును. వంటశాల, నడవ, యంత్రశాల, ప్రతిస్థలము తాను ముం దెట్లుండెనో దానిని జ్ఞప్తికిఁ దెచ్చుచు, ఇపు డట్లు లేకుండుటను జూపుచుండును. ప్రేక్షకుఁడు విపర్యయమును క్షణమైన మఱవలేఁడు. ఈ విపర్యయమే యా కథకుఁ బ్రాణము; తరంగము దానికి నిమిత్తమాత్రము.

క్రొత్త చిత్రమునకు దర్శకుఁడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్. ఈతఁ డసమర్థుఁ డనుటకు వీలులేదు. 1981లో జలాంతర్గామిలోని యిఱుకుఁదనమును ‘దాస్ బూట్’ అను చిత్రమున నీతఁడు చూపినట్లు మఱియెవ్వరును జూపలేదు. వ్యయము 16 కోట్ల డాలర్లు. 1972 నాఁటి చిత్రమునకైనది సుమారు 50 లక్షలు. రూకవిలువ మాఱినమాట నిజమే కాని, భేద మంతమాత్రము కాదు.

ఈ ధనములోఁ బెక్కుభాగము నీటికైనది. నీటి గమనమును దెలుపు సమీకరణములు ప్రాఁతవే: ఫ్రాన్సుదేశీయుఁడగు నావియే 1822లోను, స్టోక్స్ 1845లోను వానిని నిరూపించిరి. చేతితో వాని నన్నిచోటుల సాధించుట దుర్ఘటము. కావునఁ గంప్యూటరు నీరున్న యాకాశము నంతయు లెక్కకు మిక్కిలియగు చిన్నగదులుగా విభజించి, ఒక్కొక్కగదిలోని యొత్తిడిని వేగమును క్షణక్షణమునకు గణించును. నీటికి గాలికి నడుమనుండు హద్దును బట్టుకొనుటకు ఆషర్, సెథియన్ అనువారు 1988లోఁ గనిపెట్టిన పద్ధతి తోడ్పడినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునందలి ఆచార్యుఁడు రోనల్డ్ ఫెడ్కివ్ మొదలగువారు ఇండస్ట్రియల్ లైట్ అండ్ మేజిక్ సంస్థతోఁ గలసి చేసిన కృషి యీ చిత్రమున నుపయోగింపఁబడినది. ఆ జలగణనపద్ధతికి 2008లో శాస్త్రసాంకేతికపురస్కార మబ్బినది. ఇచట చినుకు చినుకువలెనే యున్నది, కుండవలె లేదు. చిత్రారంభమున దృష్టి సముద్రమునుండి వెడలి ఓడచుట్టును దిరిగి, పైతలమునఁ బరుగిడు మనుష్యునితోఁ బోవుచు, ఎచటను దెగక రెండునిమిషములకుఁ బైగా సాగును. ఆ యోడ యెచటను లేదు; సర్వమును గణితము. దీనిని మెచ్చనివాఁడు పక్షపాతి.

తరంగవిషయమునఁ గూడ నూతనులే శాస్త్రమునకు సమీపవర్తులు. భూకంపజనితమైన యల నడిసముద్రమునఁ బర్వతమువలె లేవదు. 2004 డిసెంబరు 26వ తేదీ నాఁటి యుత్పాతమున, ఆంధ్రతీరమందు సైతము నూఱుమందికిఁ బైగా బలిగొన్న యా యల, బంగాళాఖాతము నడుమ నుండఁగా ఉపగ్రహము కొలిచిన యెత్తు సుమారు 60 సెంటీమీటర్లు. అది తీరముఁ జేరినపుడే ఘోరరూపము దాల్చును. నడిసముద్రమందలి యోడవారికిఁ దెలియకయే పోవచ్చును. కావుననే క్రొత్తచిత్రకారులు భూకంపమును విడిచి, చుట్టునున్న యలలకు రెట్టింపునకు మించి యాకస్మికముగా లేచు నొంటరితరంగమును గైకొనిరి. అట్టిది కలదని నావికులు చెప్పినను శాస్త్రజ్ఞులు చిరకాలము సందేహించిరి. 1995 జనవరి 1వ తేదీని ఉత్తరసముద్రమున నార్వేవారి ద్రౌప్నర్ అను వేదికపై నున్న పరికరము 25.6 మీటర్ల యల నొకదానిని గొలిచినపుడు సందేహము తీఱినది. చిత్రకథలోఁ గూడ నల సంవత్సరాదినే వచ్చుట కాకతాళీయము.

అయినను ఇందొక నష్టము కలదు. పొసైడన్ అనువాఁడు గ్రీకుల సముద్రాధిదేవత. హోమరు మహాకవి వానికి భూమిని గదలించువాఁ డను విశేషణమును బలుమాఱు వాడెను. అనఁగా నోడపేరునందే భూకంపము గర్భితమైయున్నది. మూలకథలో నామమునకు నర్థమునకుఁ గల యా సంబంధము, శాస్త్రశుద్ధి జరిగినపుడు జాఱిపోయినది.

అల చక్కఁబడెను, నీరు చక్కఁబడెను. అయినను చిత్రము నిలువలేదు. లోకమందంతట వచ్చిన రాబడి సుమారు 18 కోట్ల డాలర్లు. అందుఁ బ్రదర్శనశాలలవారి పాలు పోఁగా నష్టమే మిగిలినది. దృశ్యచమత్కృతికి ఆస్కారునకై పేరు సూచింపఁబడినది కాని పురస్కారము రాలేదు. రాఁబడినిబట్టి కావ్యగుణమును నిర్ణయింపరాదు. కనుక హేతువును లోపలనే వెదకవలెను.

ఆలంకారికులు విభావమును రెండువిధములుగాఁ జెప్పిరి. ఎవరినిగూర్చి భావము పుట్టునో యది యాలంబనము. పుట్టినదానిని రగుల్చునది యుద్దీపనము. అల, అగ్ని, చీఁకటి, ఱంకెలువైచు నీరు, ఇవి యెంత గొప్పవైనను ఉద్దీపనములే. నిప్పు లేనిచోట విసనకఱ్ఱ యెంత పెద్దదైన నేమి? పూర్వచిత్రమున బెల్ రోసెన్ అను స్థూలకాయయగు వృద్ధ కలదు. షెల్లీ వింటర్స్ ఆ పాత్రను ధరించినది. యౌవనమున నీఁతలో బహుమతి పొందితినని యామె ముందే చెప్పుకొని నవ్వులపాలగును. జలమునఁ జిక్కువడిన స్కాటును విడిపించుటకుఁ దుదకు మునుఁగవలసినది యామెయే. అతనిని రక్షించి, మనుమని కీయవలసిన పతకమును జేతఁబెట్టి, గుండె యాఁగి మరణించును. ఇచట నున్న నీరు కొలఁది, చమత్కారమేమియు లేదు. కాని ప్రేక్షకుఁ డామె నెఱుఁగును.

క్రొత్తచిత్రమునఁ బాత్రలు లేకపోలేదు. పూర్వము న్యూయార్కు నగరాధ్యక్షుఁడుగా నుండిన రామ్సే కలఁడు. ఆత్మహత్యకుఁ బూనుకొని, వచ్చుచున్న యలను జూచి ప్రాణముపైఁ దీపు పుట్టిన నెల్సన్ కలఁడు. ఈ రెండవవాని విషయమున నొక యపూర్వమైన ఘట్టము దొరికినది. లిఫ్టుకూపముపై వ్రేలాడుచుండఁగా, తన కాలిని బట్టుకొని వ్రేలాడు పరిచారకుని, బ్రదుకవలెనన్న విదళింపుమని పైవాఁడు కేకవేయఁగా, విదళించును. చావఁగోరినవాఁడు బ్రదుకఁగోరినవానిని జంపి బ్రదికెను. మహాకవి కిది యొక యంకమునకుఁ జాలిన వస్తువు! చిత్రము దీనిని గొన్నిక్షణములలో దాఁటి, తరువాతి జలప్రవాహమునకుఁ బరుగెత్తును. మొత్తముచిత్రము 98 నిమిషములు, పూర్వచిత్రము 117. తగ్గిన యా పందొమ్మిది నిమిషములలోఁ బోయినది నీరు కాదు.

విపర్యయమునకుఁ బట్టిన గతియు నిట్టిదే. లిఫ్టుకూపము, గాలిగొట్టము, అడుగునందలి నీటితొట్లు క్రొత్తవారి కభిమానస్థలములు. ఇవి నిలువుగా నున్నను దలక్రిందైనను నొక్కతీరుగనే యుండును. ప్రయాణము సగమైనపు డోడ బోర్లపడియున్నదను సంగతియే మఱపునకు వచ్చును. సర్వమును జిత్రింపఁగల సాధన మబ్బినపుడు, చిత్రింపవలసిన దొక్కటి కంటఁబడకపోవుట వింత.

ఆపదల చిత్రములు అద్భుతమునకేగాని కరుణమునకుఁ గావనియు, పూర్వచిత్రమునందలి సంభాషణములు మోటువనియు నొకవాద ముండవచ్చును. రెండవమాట కొంత నిజమే. స్కాటు ఉపన్యాసము లందందు విసుగుఁగొలుపును. మొదటిమాటకు మాత్ర మాదేశనియమమే యుత్తరము. 1972లో నమూనాయోడను జూచి కలిగిన యాశ్చర్యము ఆ కాలపు సామగ్రియొక్క రూపమునుబట్టి కలిగినది; వర్ణాశ్రితమైన కార్యమువంటిది. అది క్రొత్తదానికి వారసత్వముగా రాదు, మరల సంపాదించుకొనవలసినదే. బెల్ రోసెన్ మునిఁగినపుడు కలుగు గుండెదడ పాత్రవ్యాపారమునుబట్టి కలిగినది. ఆ వ్యాపారమును నిలిపియున్నచో నది తప్పక సంక్రమించెడిది. నూతననిర్మాతలు రానిదానిని వచ్చుననుకొని, వచ్చుదానిని విడిచిరి. పాత్రల పేళ్లతోఁగూడ సర్వమును మార్చి, ఓడపేరు నొక్కదానిని నిలుపుకొనిరి.

యంత్రసామగ్రి పెరుగుటయే దోషమని చెప్పుట కాదు. టైటానిక్ మునుఁగుటను 1958లో ‘ఎ నైట్ టు రిమెంబర్’ అను చిత్రము చూపినది. 1997లో జేమ్స్ కామెరాన్ ఆ వస్తువునే మరల గ్రహించి మహావ్యయముతోఁ జిత్రించెను. అతఁడు కథారంభముననే, ఓడ యెట్లు నీరు త్రాగి, యెట్లు వెనుకభాగము పైకి లేచి, యెట్లు విఱిగెనో ఒక చిన్న కంప్యూటరు బొమ్మలో వృద్ధనాయికకుఁ జూపించెను. ప్రేక్షకునికిఁ దరువాత నేమిజరుగునో తెలిసిపోయినది. ఆపద వచ్చినపు డతఁడు ఓడవైపుఁ జూడనక్కఱలేదు, మనుష్యులవైపుఁ జూచును. అచట నుద్దీపన మాలంబనమునకు దాస్యము చేసినది.

రెండు పొసైడన్ చిత్రముల ముగింపు సైత మీ సందర్భమునఁ బరిశీలింపఁదగినది. క్రొత్తదానిలో నార్వురు జలయంత్రపుగొట్టమునుండి వెడలి తెప్ప నెక్కుదురు; వెనుక నోడ మిగుల వైభవముగా మునుఁగును. ప్రాఁతదానిలో నావిచక్రపుఁ గవాటమును మూయుటకై స్కాటు దానిని బట్టుకొని వ్రేలాడి, దేవునితో వాదించుచు జాఱిపడిన పిమ్మట, మిగిలినవారు ఒక యంగుళము మందముగల యుక్కుగోడక్రింద నిలిచి దానిని లోపలినుండి కొట్టుదురు. కొంతసేపటికి వెలుపలినుండి మాఱుచప్పుడు వినఁబడును.