ఎదిగిన బిడ్డలతో సింహళయాత్ర

తెలుగువారికి ‘యాత్ర’ అనగానే ముందుగా తీర్థయాత్రే స్ఫురిస్తుంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి పదిహేను నెలలకు గాని తిరిగి ఇల్లు చేరలేదు. అటువంటి యాత్రలలో మజిలీ ఎక్కడో, ప్రయాణం ఎప్పుడో నిర్ణయించేది పెద్దలు, అనుసరించేది తక్కినవారు. నిన్నమొన్నటి కుటుంబ విహారయాత్రలూ ఈ పద్ధతిలోనే సాగాయి. తండ్రి టిక్కెట్లు కొనేవాడు, తల్లి పులిహోర కట్టేది, పిల్లలు కిటికీ పక్క చోటు కోసం తగవులాడుకొనేవారు. ఆ పిల్లలే పాతికేళ్ళు దాటి ఉద్యోగస్థులైన తరువాత ఈ పద్ధతి చెల్లదు.

ఒకరు హైదరాబాదులో, మరొకరు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు అందరి సెలవులు కలవడమే దుర్లభం. వివాహాలై, ఎవరి సంసారాలు వారికి ఏర్పడిన తరువాత తల్లిదండ్రులూ బిడ్డలూ మాత్రమే ఒకే కారులో కూర్చునే అవకాశం మళ్ళీ వస్తుందన్న నమ్మకం లేదు. కనుక దొరికిన పది రోజులూ విలువైనవే. వాటిని పరుగులతో పాడుచేసుకోకుండా గడపదలచిన కుటుంబానికి శ్రీలంక అనువైన ద్వీపం. అక్కడ కూడా వాహనాలు మన దేశంలో వలె ఎడమవైపే నడుస్తాయి. అన్నం, కూర, కొబ్బరి మనకు కొత్తవి కావు.

శ్రీలంక వైశాల్యం 65,610 చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేదు. చిక్కు ఇక్కడే ఉంది. పటం చూసినవారికి ద్వీపమంతా వారంలో చుట్టిరావచ్చుననిపిస్తుంది. కొలంబో నుండి క్యాండీకి దూరం సుమారు 115 కిలోమీటర్లే అయినా మామూలు రహదారిపై మూడు గంటలకు పైగా పడుతుంది. క్యాండీ నుండి నువర ఎలియకు దూరం ఇంకా తక్కువ, మలుపులు మాత్రం ఇంకా ఎక్కువ. అందుచేత దూరాన్ని గంటలలో లెక్కించాలి. రోజుకు మూడు గంటలకు మించి కారులో కూర్చోరాదని నియమం పెట్టుకొంటే సగం అలసట తప్పుతుంది. స్వయంగా నడపదలచినవారికి అంతర్జాతీయ అనుమతిపత్రంతో పాటు స్థానికమైన అనుమతి కూడా అవసరం. డ్రైవరుతో సహా కారును అద్దెకు తీసుకోవడం అక్కడ సాధారణమే. ఇంటిల్లిపాదీ కొండలను చూడవచ్చు, నడిపేవాడొక్కడే రోడ్డును చూస్తూ కూర్చోనక్కరలేదు.

ఋతువును కూడా గమనించాలి. మే నుండి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాలు దక్షిణ, పశ్చిమ తీరాలను తడుపుతాయి. ఆ నెలలలో తూర్పున త్రికోణమలై తీరం అనుకూలం. డిసెంబరు నుండి మార్చి వరకు దక్షిణతీరం హాయిగా ఉంటుంది. 2025 నవంబరులో దిత్వా తుపాను ధాటికి మధ్య కొండసీమలో కొండచరియలు విరిగిపడి, రోడ్లూ రైలుమార్గాలూ దెబ్బతిన్నాయి. కొండదారుల పరిస్థితిని బయలుదేరే ముందు విచారించుకోవడం తప్పనిసరి.

పది రాత్రులకు అయిదు మజిలీలు చాలు: సిగిరియలో మూడు, క్యాండీలో రెండు, తేయాకు కొండలలో రెండు, గాలె కోట దగ్గర రెండు, చివరిది నెగొంబోలో.

సిగిరియ కథ ఎదిగిన బిడ్డలున్నవారు ప్రత్యేకంగా తెలుసుకోదగినది. అయిదవ శతాబ్దంలో కాశ్యపుడు తన తండ్రి ధాతుసేనుని బంధించి రాజ్యం కాజేశాడు. దాచిన ధనం చూపమని నిర్బంధించగా, ధాతుసేనుడు తాను తవ్వించిన కలావెవ చెరువు నీటిని చూపి, తన సంపద అదేనన్నాడని సింహళ చరిత్రగ్రంథాలు చెబుతాయి. తండ్రిని చంపించిన కాశ్యపుడు, సవతి తమ్మునికి భయపడి ఈ శిలాశిఖరంపై నగరు కట్టుకొన్నాడు. నగరు శిథిలమైంది. పడమటనున్న ఆ చెరువు మాత్రం నేటికీ పొలాలకు నీరిస్తున్నది. సిగిరియ పైకి దాదాపు 1,200 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న తల్లి ఎక్కలేకపోతే కింది ఉద్యానంలో కూర్చుంటుంది. ఆమె కోసం అందరూ ఆగనక్కరలేదు, అందరి కోసం ఆమె ఎక్కనూ అక్కరలేదు.

క్యాండీలో తెలుగువారికి రెండు ఆసక్తులున్నాయి. 1739 నుండి 1815 వరకు ఆ నగరాన్నేలిన నాయక్కరు రాజులు మధుర ప్రాంతం నుండి వెళ్ళిన తెలుగు మూలాలవారు. దంతధాతు మందిరంలోని బుద్ధుని దంతాన్ని కళింగ రాకుమారి హేమమాల కొప్పులో దాచి తెచ్చిందని ఐతిహ్యం. అది బయలుదేరిన దంతపురం మన శ్రీకాకుళం జిల్లాలోనిదేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం.

ఇన్ని తెలిసినా యాత్ర హాయిగా సాగడం కారులోని మాటతీరుపై ఆధారపడుతుంది. పదహారేళ్ళు దాటిన కొడుకును మిత్రునిగా చూడాలని పూర్వులన్నారు. కూతురికీ ఆ న్యాయమే వర్తిస్తుంది. ఒక్కొక్కరు ఒక్కొక్క రోజును తమ ఇష్టప్రకారం తీర్చిదిద్దాలి. ఆ రోజు మిగిలినవారు పేచీ పెట్టకూడదు. ఖర్చు ముందే పంచుకోవాలి. సంపాదించే కొడుకు బిల్లు చెల్లించబోతే తండ్రి చిన్నబుచ్చుకోనక్కరలేదు. బిడ్డలకు వేరే గది ఉండాలి, పొద్దెక్కేదాకా నిద్రపోయే స్వేచ్ఛ ఉండాలి. ముఖ్యంగా, పెళ్ళి ఎప్పుడు, జీతం ఎంత అన్న ప్రశ్నలతో కారును న్యాయస్థానంగా మార్చరాదు. కారులో అందరి చూపూ ముందుకే ఉంటుంది. ఎదురెదురుగా చెప్పలేని సంగతులు అటువంటప్పుడే అడగకుండా బయటికి వస్తాయి. మాట రాని పూట మౌనంగా తేయాకు తోటలు చూస్తే సరిపోతుంది.

నెగొంబో విమానాశ్రయానికి చేరువలోనే ఉంది. అక్కడ గడిపే చివరి రోజుకు చాలామంది అంగళ్ళ పట్టిక తయారుచేస్తారు. ఆ గడిని ఖాళీగా వదలిపెట్టడం మేలు.