వీరులును వింతమృగములును

మొన్నటి వేసవి సెలవులలో మా చెల్లెలి కుమారుడు, పదునొకండేండ్లవాడు, ఒక బొమ్మల కథల పుస్తకమును నా యొడిలో పెట్టి, "పెద్దమ్మా, సూపర్‌మ్యాన్ గెలుస్తాడా, గాడ్జిల్లా గెలుస్తుందా?" అని యడిగెను. వీరుడొక యింటివాడు, మృగమొక యింటిది. ఈ రెంటిని ఒక్క కథలోనికి దెచ్చిన వారెవరో తెలిసికొనవలెనని నాకును కుతూహలము కలిగినది. పిల్లలుగల సోదరీమణులకు ఉపయోగించునను తలంపుతో, తెలిసికొన్న దానిని ఇచట వ్రాయుచున్నాను.

ఈ వీరులు అమెరికా బొమ్మల పత్రికలలో పుట్టినవారు. సూపర్‌మ్యాన్ 1938లోను, బ్యాట్‌మ్యాన్ 1939లోను వెలువడిరి. మృగములన్ననో వెండితెర బిడ్డలు. గాడ్జిల్లా 1954లో జపానునందు టోహో సంస్థవారి చిత్రమున పుట్టినది. ఏలియన్ అను గ్రహాంతర జంతువు 1979లోను, ప్రెడేటర్ అను ఆకాశపు వేటగాడు 1987లోను అమెరికా చిత్రములలో కానవచ్చిరి. యజమానులు వేఱుగుటచే, వీరుడును మృగమును కలిసికొనుటకు ముందు సంస్థల మధ్య ఒడంబడిక జరుగవలెను. మార్వెల్ సంస్థవారు టోహోవారి యనుమతితో 1977 మొదలు 1979 వఱకు గాడ్జిల్లా కథను 24 సంచికలుగా ప్రకటించి, తమ వీరులను దానికెదురు నిలిపిరి. డి.సి., డార్క్ హార్స్ సంస్థలు కలిసి 1991లో బ్యాట్‌మ్యాన్‌ను ప్రెడేటర్‌తోను, 1995లో సూపర్‌మ్యాన్‌ను ఏలియన్లతోను తలపడజేసినవి. 2023లో ఆరంభమైన మఱియొక కథయందు జస్టిస్ లీగ్ అను వీరబృందము గాడ్జిల్లాతోను, కాంగ్ అను మహావానరముతోను పోరాడినది. మా వాని చేతిలోనిది ఇదియే.

ఇట్టి కథలలో ఎవరు గెలుతురను ప్రశ్నకు పెద్ద విలువ లేదు. వీరుడు చచ్చిన నొకరికి నష్టము, మృగజాతి నశించిన మఱియొకరికి నష్టము. ఉభయపక్షముల పెద్దలును ముందే కూర్చుండి తగవు తీర్చుకొన్నట్లే. వీరుని చేత చివరకేమి మిగిలినదని చూచినప్పుడే కథ రుచించును.

1995 నాటి కథను చూడుడు. సూర్యకాంతియే సూపర్‌మ్యాన్ బలమునకు మూలము. ఆ కాంతి యందని దూరమున, పాడువడిన యొక నగరములో అతడు చిక్కుకొనును. అచట కారా యను యువతి ప్రాణములు చేతబట్టుకొని దాగియుండును. ఏలియన్లకు దయ లేదు. వాని పిండము ఇతరుల రొమ్ములో పెరిగి, రొమ్ము చీల్చుకొని వెలువడును. ప్రాణహింసకు వెనుదీయు సూపర్‌మ్యాన్ శరీరమునందే అట్టి పిండము చేరును! బలము సన్నగిల్లినది, నియమము మాత్రము మిగిలినది. తుదకు సూర్యకాంతి సోకి బలము మరలువఱకు అతడు పడిన యాతనయే ఆ కథకు ప్రాణము. బ్యాట్‌మ్యాన్‌కన్ననో దివ్యశక్తులే లేవు. ప్రెడేటర్ చేతిలో చావుదెబ్బలు తిని, పడకజేరి, మరల లేచిపోవుటయే ఆతని గొప్పతనము. ఇట్టివి చదువదగినవే. అయినను రక్తపాతము మిక్కుటము కావున, పసివారికి మాత్రమీయరాదు.

ఇక నష్టమును గూర్చి. 1954 మార్చి 1వ తేదీన బికినీ దీవులయందు అమెరికావారు హైడ్రోజను బాంబును పరీక్షింపగా, ఆ విషపు బూడిద జపాను చేపల పడవయొకదానిపై రాలినది. అందలి 23 మంది జబ్బుపడిరి. ఒకడు ఆ యేడే మరణించెను. ఆ నవంబరులోనే ఇషిరో హోండా దర్శకత్వమున గాడ్జిల్లా చిత్రము వెలువడినది. మండుచున్న టోక్యోలో ఒక తల్లి బిడ్డలను పొదివి పట్టుకొని, మీ తండ్రియొద్దకే పోవుచున్నామని వారి నూరడించును. అట్టి దుఃఖమునుండి పుట్టిన మృగము, వీరులతో కుస్తీపట్టుటకు వచ్చునప్పటికి ఉత్త జెట్టిగా మారినది. ఆ తల్లి యిందులో కానరాదు. మన భారతమున బకాసురుని వధకు ముందు, ఏకచక్రపురపు విప్రుని యింట ఎవరు బలికి పోవలెనని భార్యాభర్తలు పడిన వేదనను మొదట విందుము. భీముని బలము పిమ్మట వచ్చును. ఆ యేడుపు వినినందుననే ఆ గెలుపు మనకు తీపి.

సోదరీమణులారా! పిల్లల చేతినుండి ఈ పుస్తకములను లాగికొనవలదు. ప్రక్కన కూర్చుండి ఒక్క ప్రశ్న వేయుడు. నేనును మా వానితో, "గెలుపు సంగతి తరువాత, ఆ ఊళ్లోవాళ్లేమయ్యారు?" అంటిని. వాడు కొంతసేపు మాటాడక, పుటలను మొదటికి త్రిప్పి, కూలుచున్న మేడల క్రింద చీమలవలె పరుగెత్తు మనుష్యులను వ్రేలితో లెక్కపెట్ట నారంభించెను.