దూరస్థుల సాన్నిధ్యము

సభకు పోవుట యనగా నింతకాలము కాళ్లతో పోవుటయే. ఇప్పుడు హెడ్‌సెట్టు తలకు బిగించుకొని, యింటి కుర్చీనుండియే సభలో నాసీనులగు మార్గ మేర్పడినది. 1968లో ఐవాన్ సదర్లాండు నిర్మించిన యిట్టి తొలినాటి యంత్రము మిక్కిలి బరువగుటచే పైకప్పునుండి వ్రేలాడగట్టవలసి వచ్చెను. నేటివి చేసంచిలో నిముడుచున్నవి.

ఇట్టి సభలో ప్రవేశించినవారికి తోడివారు తమ సరసనే యున్నారను భావము కలుగుచుండుట విశేషము. ఎదుట నున్నవి బొమ్మలు మాత్రమే. మెటా కంపెనీవారు 2021లో తెరచిన సభాశాలలో నా బొమ్మలకు కాళ్లే లేకుండెను! అయినను మనస్సు విశ్వసించుచున్నది. విశ్వసింపజేయునది చిత్రముల యందము కాదు. తల త్రిప్పిన తక్షణమే దృశ్యమును తిరుగవలెను. సుమారు 20 మిల్లీసెకనులకు మించి జాగైనచో భ్రమ సడలును, కొందరికి వికారమును పుట్టును. కుడిప్రక్క కూర్చున్నవాని మాట కుడిచెవికే ముందు సోకవలెను. మనము పలుకరించినచో నాతడు మనవంకకు మరలవలెను. "నేనిచట నున్నాను" అనునది యొక భ్రమ, "ఇచట జరుగునది నిజము" అనునది వేరొక భ్రమ యని మెల్ స్లేటరు 2009లో విడదీసి చూపెను. 2002లో నార్త్ కెరొలైనా విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిన ప్రయోగములలో, కల్పిత మగు గోతియంచున నిలిచినవారికి, అది కల్పితమని తెలిసియు, గుండె వేగము హెచ్చెను.

డల్లాసులోని కుమారుడును తెనాలిలోని తల్లియు నొక్క గదిలో కూర్చున్నట్లు మాటాడుకొనగలుగుట స్వల్పలాభము కాదు. దానిని మేము పరిహసింపము. కాని యీ సాన్నిధ్యమునకు మూల్యమేమి? తల వంపును, చేతి కదలికను యంత్రము క్షణక్షణము కొలిచినగాని యీ భ్రమ నిలువదు. ఆ కొలతలే మనుష్యుని పట్టియిచ్చుచున్నవి. స్టాన్‌ఫర్డు పరిశోధకులు 511 మందికి హెడ్‌సెట్లలో చలనచిత్రములు చూపి, ఐదు నిమిషములైన నిండని కదలికలను బట్టియే నూటికి 95 పాళ్లు సరిగా నెవరెవరో గుర్తింపగలిగినట్లు 2020లో ప్రకటించిరి. మారుపేరుతో, మారురూపముతో సభలో కూర్చున్నంతమాత్రమున మరుగు దొరకదన్నమాట.

మన శాసనకర్తలు దీనిని గమనింపకపోలేదు, గమనించి విడిచిరి. 2019 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు శరీర ప్రవర్తన లక్షణముల కొలతలను ప్రత్యేక రక్షణ వలసిన సమాచారముగ వేరుపరచినది. 2023 చట్టమున నా తరగతియే లేదు. సామాన్య సమాచారమునకు చాలిన యంగీకారమే దీనికిని చాలును. సభకు పోగోరువాడు మీట నొక్కక యేమి చేయగలడు? అది యంగీకారమా? కదలికల కొలతలను సభ జరుగుటకు వలసినంత మేరకే వాడి, ముగియగనే తుడిచివేయవలెనని కంపెనీలను నిర్బంధించు నిబంధనను కేంద్రప్రభుత్వమువారు చేర్పవలసియున్నది.