“4వ భాగం చూడండి” – ఏది ఆ 4వ భాగం?

పాఠ్యపుస్తకాల్లో “3.2 చూడండి”, “4వ భాగం చూడండి” వంటి మాటలు మీరు చదివే ఉంటారు. చెప్పిందే మళ్ళీ చెప్పకుండా, విషయం ఉన్న చోటికి పాఠకుణ్ణి పంపే ఏర్పాటు ఇది. దీన్నే క్రాస్ రిఫరెన్స్ అంటారు. మనం ‘సూచన’ అందాం. ఈ సూచన దారి తప్పితే ఏమవుతుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిలకలూరిపేట విద్యార్థులు కొందరు మిరప సాగు మీద కంప్యూటరులో ఒక నివేదిక తయారు చేస్తున్నారనుకోండి. అందులో 5 భాగాలు: 1. నేల, 2. నారుమడి, 3. చీడపీడలు, 4. మందు చల్లేటప్పుడు జాగ్రత్తలు, 5. కాయలు ఎండబెట్టడం. 3వ భాగం చివర “మందు కలిపే ముందు 4వ భాగం తప్పక చదవండి” అని రాశారు.

2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప తోటలను నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసింది. పూలలో చేరి రసం పీల్చే ఆ పురుగుకు ఒక ప్రత్యేక భాగం ఉండాలి గదా! 3వ భాగం తర్వాత దాన్ని చేర్చారు. అదే ఇప్పుడు 4వ భాగం. జాగ్రత్తలు 5కు జరిగాయి. కాని పై వాక్యంలోని “4” మాత్రం అలాగే ఉండిపోయింది! దాన్ని నమ్మి 4వ భాగం తెరిచిన రైతుకు పురుగు వర్ణన దొరుకుతుంది. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలనీ, గాలికి ఎదురుగా చల్లకూడదనీ చెప్పే పేజీ దొరకదు.

ఎందుకిలా జరిగింది?

శీర్షికల అంకెలను కంప్యూటరే వేసింది కనుక అదే మార్చుకుంది. వాక్యంలోని “4”ను మనం చేత్తో కొట్టాం. కంప్యూటరుకు అది ఉత్త అక్షరం. దానికీ శీర్షికకూ సంబంధం ఉందని దానికి తెలియదు.

మీ బడిలో ప్రతి విద్యార్థికీ రెండు నంబర్లుంటాయి. రోల్ నంబరు ఏటా మారుతుంది. అడ్మిషన్ నంబరు బడి వదిలేదాకా మారదు. శీర్షిక అంకె రోల్ నంబరు వంటిది. సూచన నిలకడగా ఉండాలంటే శీర్షికకు అడ్మిషన్ నంబరు వంటి గుర్తు ఒకటి కావాలి.

ఆ గుర్తు పెట్టడం ఎలా?

ముందుగా శీర్షికలకు ‘హెడింగ్’ స్టైల్ ఇచ్చి, అంకెలను కంప్యూటరు చేతనే వేయించాలి. తర్వాత “4” కొట్టవలసిన చోట కర్సరు ఉంచి, వర్డ్‌లో అయితే రిఫరెన్సెస్ కింద, లిబ్రెఆఫీస్ రైటర్‌లో అయితే ఇన్సర్ట్ కింద ఉన్న క్రాస్ రిఫరెన్స్ తెరిచి, కావలసిన శీర్షికను, దాని నంబరును ఎంచుకోవాలి. వర్డ్ ఆ శీర్షికకు కంటికి కనబడని గుర్తు ఒకటి తగిలిస్తుంది. వాక్యంలో “ఈ గుర్తున్న శీర్షిక అంకె ఎంతో అది ఇక్కడ వేయి” అన్న ఆజ్ఞ చేరుతుంది. దీన్ని ఫీల్డ్ అంటారు.

ఫీల్డ్ ప్రతిసారీ తనంతట తాను మారదు. మార్పులు ముగిశాక కంట్రోల్, ఎ మీటలతో మొత్తం ఎంచుకొని ఎఫ్9 నొక్కాలి. శీర్షికనే తీసేస్తే, వర్డ్‌లో అంకె బదులు ‘ఎర్రర్’ అన్న మాట పడుతుంది. అది మేలే! తప్పు అంకె కంటిని మోసగిస్తుంది, ఆ మాట కంట పడుతుంది. అచ్చుకు పంపేముందు ‘ఎర్రర్’ కోసం వెతకండి. కొత్త శీర్షిక చేర్చేటప్పుడు పాత శీర్షిక మొదట్లో ఎంటర్ నొక్కకండి. గుర్తు కొత్తదానికి అంటుకోవచ్చు. పై పేరా చివర నొక్కండి.

కాగితం మీద ఏం చేస్తారు?

మన రాజ్యాంగంలో అధికరణాల అంకెలను ఎన్నో చట్టాలు, తీర్పులు పేర్కొంటాయి. మధ్యలో ఒకటి చేర్చి మిగతావి జరిపితే ఆ సూచనలన్నీ తప్పుతాయి. అందుకే 1973లో 32వ సవరణ ద్వారా ఆంధ్రప్రదేశ్ కోసం చేర్చిన అధికరణం 372 కాలేదు, 371-డి అయింది. 2002లో 86వ సవరణతో వచ్చిన చదువు హక్కు 21-ఎ అయింది. అంకెలను కదలనివ్వకపోవడం కాగితం ఉపాయం. అంకె వెంట సూచనను నడిపించడం కంప్యూటరు ఉపాయం.

మీరూ 5 శీర్షికలతో ఒక నివేదిక రాసి, రెండు సూచనలు పెట్టండి. ఒకటి చేత్తో, ఒకటి ఫీల్డ్‌తో. మధ్యలో ఒక శీర్షిక చేర్చి ఎఫ్9 నొక్కండి. ఏది నిజం చెబుతుందో చూడండి!