మీకు తెలుసా? బొగ్గు మోసిన డీజిలింజన్ సంగతులు

రామగుండం, గోదావరిఖని వైపు రైల్వే గేటు పడిందంటే బొగ్గు వ్యాగన్లు లెక్కపెట్టడం పిల్లలకు ఆట. వాటిని లాగే ఇంజన్‌కి కూడా చెప్పుకోదగ్గ చరిత్ర ఉంది.

◆ ఒకప్పుడు రైలే బొగ్గు తినేది. 1889లో ఇల్లెందులో బొగ్గు తవ్వకం మొదలైనప్పుడు నిజాం రైల్వే ఆవిరి ఇంజన్లకు అది కడుపు నింపింది. చిత్తరంజన్ కర్మాగారం 1972లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆపేసింది. వాటి స్థానంలోకి వచ్చిన డీజిల్ ఇంజన్లలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది డబ్ల్యూడీఎం-2.

◆ ఆ పేరు ఓ లెక్క ప్రకారం పెట్టింది. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్రయాణికుల బండికీ గూడ్సుకీ పనికొచ్చేది. ఆ వరసలో రెండో రకం కాబట్టి 2. అందుకే పగలు ఎక్స్‌ప్రెస్ లాగిన ఇంజనే రాత్రి బొగ్గు బండికీ తగిలేది.

◆ దీని పుట్టిల్లు అమెరికాలోని ఆల్కో కంపెనీ. 1962లో మొదటివి అక్కడి నుంచే దిగాయి. వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ (డీఎల్‌డబ్ల్యూ) నుంచి తొలి ఇంజన్ 1964 జనవరిలో బయటికొచ్చింది. 1969లో ఆల్కో మూతపడింది. వారణాసి మాత్రం 1998 దాకా ఈ రకాన్ని చేస్తూనే ఉంది. మొత్తం 2,600 పైచిలుకు తయారయ్యాయి.

◆ ఇందులో డీజిల్ యంత్రం చక్రాలను నేరుగా తిప్పదు! 16 సిలిండర్ల యంత్రం జనరేటర్‌ను తిప్పుతుంది. ఆ కరెంటుతో ఇరుసుకొకటి చొప్పున ఆరు మోటార్లు చక్రాలను తిప్పుతాయి. స్టార్ట్ చేసేటప్పుడు పని తిరగబడుతుంది. బ్యాటరీల కరెంటుతో అదే జనరేటర్ మోటారుగా మారి యంత్రాన్ని లేపుతుంది. ఒక్క మాటలో, ఇది పట్టాల మీద నడిచే పవర్ హౌస్.

◆ డబ్ల్యూడీఎం-2 శక్తి 2,600 హార్స్‌పవర్. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం ఏడు యూనిట్ల సామర్థ్యం 2,600 మెగావాట్లు. అంకె ఒకటే, అంతరం మాత్రం కొండంత. 2,600 హార్స్‌పవర్ అంటే రెండు మెగావాట్లు కూడా నిండవు. ఎన్టీపీసీతో సరితూగాలంటే ఇలాంటి ఇంజన్లు 1,300కు పైగా కావాలి.

◆ బండి కదిలేటప్పుడు గుప్పుమనే నల్లపొగ గుర్తుందా? డ్రైవర్ నాచ్ (వేగం మెట్టు) పెంచగానే సిలిండర్లలోకి డీజిల్ ఎక్కువగా వచ్చి పడుతుంది. దానికి తగ్గ గాలిని తోసే టర్బోచార్జర్ మాత్రం యంత్రం వదిలే పొగ ఊపుతోనే తిరుగుతుంది కాబట్టి, పుంజుకోవడానికి కాసేపు పడుతుంది. ఆలోగా సరిగా మండని డీజిలే ఆ నలుపంతా. వేగం అందుకున్నాక పొగ పలచబడుతుంది.

◆ గోదావరి ఇసుక ఖనిలో బొగ్గు తీసిన ఖాళీలు పూడ్చడానికి వాడతారని తెలిసిందే. ఇసుక ఇంజన్‌లోనూ ఉంటుంది! వానకు పట్టాలు తడిసినా, ఎత్తు ఎక్కాల్సి వచ్చినా చక్రాలు జారి ఉన్నచోటే తిరుగుతాయి. అప్పుడు ఇసుక పెట్టెల నుంచి గొట్టాల ద్వారా సన్నని ఇసుక చక్రం ముందు, పట్టా మీద పడుతుంది. వెంటనే పట్టు దొరుకుతుంది.

◆ బాయి నుంచి ఎన్టీపీసీకి బొగ్గు తెచ్చే పద్ధతి పేరు మెర్రీ గో రౌండ్, మన వాళ్ల నోట ఎంజీఆర్. 1960లలో బ్రిటన్‌లో మొదలైంది. బండి నిలబడదు. నెమ్మదిగా పాకుతుంటే పైనున్న సైలో నుంచి బొగ్గు వ్యాగన్లలో పడుతుంది. ప్లాంటు దగ్గర వ్యాగన్ అడుగు తలుపులు తెరుచుకుని బొగ్గంతా కింది హాపర్‌లోకి జారిపోతుంది. వ్యాగన్లు విడదీయకుండానే ఖాళీ బండి మళ్లీ బాయి దారి పడుతుంది. డీఎల్‌డబ్ల్యూ రైల్వేలకే కాక ఎన్టీపీసీకి కూడా ఆల్కో రకం ఇంజన్లు చేసిచ్చింది.

◆ ఇంజన్ మీద డబ్ల్యూడీజీ-3ఏ అని రాసి ఉంటే శక్తి ఎంతో ఇట్టే చెప్పేయొచ్చు. జీ అంటే గూడ్స్. 3 అంటే మూడు వేలు, ఏ అంటే వంద, వెరసి 3,100 హార్స్‌పవర్. 2002 తర్వాత వచ్చిన లెక్క ఇది. అంతకుముందు దీని పేరు డబ్ల్యూడీజీ-2. డబ్ల్యూడీఎం-2కి మాత్రం పాత పేరే ఉండిపోయింది, అందులోని 2ను వేలుగా చదివితే లెక్క తప్పుతుంది.

◆ డీజిలింజన్ తన పోటీదారుకే మేత మోసింది. అది చేరవేసిన బొగ్గుతో పుట్టిన కరెంటు గ్రిడ్‌లోకి వెళ్లింది, గ్రిడ్ కరెంటుతో నడిచే ఇంజన్లు డీజిల్‌ను పక్కకు నెట్టాయి. 2018లో వారణాసిలోనే రెండు డబ్ల్యూడీజీ-3ఏ ఇంజన్లను కలిపి 10,000 హార్స్‌పవర్ జంట కరెంటు ఇంజన్‌గా మార్చేశారు. దేశంలో కరెంటు ఎక్కువ భాగం నేటికీ బొగ్గు నుంచే వస్తోంది. అంటే తిరిగి తిరిగి రైలు మళ్లీ బొగ్గుతోనే నడుస్తోందన్నమాట, పొగగొట్టం మాత్రం ప్లాంటుకు మారింది.